ఎర్ర డబ్బాలో వెయ్యని రింగు

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పుతాయి. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. కథ పరిగెత్తుతున్నా నా చెయ్యి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇది గూఢచారి కథ. ఇందులో మారువేషం ఉంది, రహస్య కెమెరా ఉంది, నల్ల కళ్ళద్దాల అమ్మాయి ఉంది. తుపాకీ కూడా ఉంది కానీ పేలదు. ముందే చెప్పేస్తున్నాను, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఫోన్ మోగింది.

"అల్లుడూ, అత్తగారికి ఒంట్లో బాగోలేదు. వెంటనే బయల్దేరి రా."

"దగ్గు ఎలా ఉంది?"

"పొడి దగ్గు కాదు. కఫం."

అంటే పని పెద్దది. ఆ గూఢచారి డిపార్ట్‌మెంటులో అందరికీ చుట్టరికాలే రహస్య పేర్లు. ఎవరైనా లైన్లో విన్నా, ఏదో సంసారం గోల అనుకుని పెట్టేస్తారు. పై అధికారి మామయ్య. ఆయనకి పెళ్ళి కాలేదు. ఏజెంటు అల్లుడు. అతనికి అత్తగారు లేరు.

మామయ్య ఆఫీసు ఒక డ్రై క్లీనింగ్ షాపు పై అంతస్తులో ఉంది. కింద మెషీన్ల మోతకి పై మాటలు బయటికి వినపడవు. మారువేషాలకి బట్టల కొరత కూడా ఉండదు.

"ఎగిరే ఆసుపత్రి గురించి విన్నావా?" అన్నాడు మామయ్య, ఫైలు తెరుస్తూ.

"రోడ్డు లేని చోట్ల నుంచి రోగుల్ని తెచ్చే విమానం. పేపర్లో చూశాను."

"ఒకే ఒక్క ఇంజన్. టర్బైన్ ఇంజన్. మొత్తం మనవాళ్ళే చేశారు. అది ఎగిరిందంటే బయటి దేశం కంపెనీవాళ్ళ ఇంజన్లు మనం ఇక కొనం. ఇప్పటికి మూడు ఇంజన్లు టెస్ట్ బెంచి ఎక్కించారు. మూడూ పొగ కక్కాయి. రెండో నంబరు బేరింగ్ దగ్గర నూనె సీల్ దాటి బయటికొచ్చింది."

"డిజైన్ తప్పేమో."

"విప్పి చూస్తే సీల్ బాగుంది. బేరింగ్ బాగుంది. పైపులు బాగున్నాయి. అన్నీ బాగున్నాయి, నూనె మాత్రం బయట ఉంది. తాళం వేసినట్టే ఉంది, బీరువా ఖాళీ. దీన్నేమంటారు?"

"ఇంటి దొంగ."

"ఈశ్వరుడు పట్టలేడంటారు. నువ్వు పట్టాలి. పన్నెండు రోజుల్లో నాలుగో ఇంజన్ విమానంలో ఎగరాలి. దీని వెనక ఆ కంపెనీ డబ్బిచ్చి నడిపే జలగ ముఠా ఉంది. ఇంకో సంగతి." మామయ్య గొంతు తగ్గించాడు. "మరదలు కూడా రంగంలోకి దిగింది."

అల్లుడు అప్పటిదాకా ఊపుతున్న కాలు ఆపేశాడు.

మరదలు ఒకప్పుడు ఇదే ఆఫీసులో అతని పక్క కుర్చీ. తర్వాత అవతలికి వెళ్ళింది. ఆ తర్వాత ఇవతలికి వచ్చింది. ఇప్పుడు ఎటు ఉందో ఆమెకే తెలియాలి.

"నీ వేషం సీల్ ఫిట్టర్. కొత్తగా చేరావు."

"నాకు మేకు కొట్టడం కూడా రాదు."

"అక్కడి మేస్త్రి నేర్పుతాడు. ఇదిగో." మామయ్య ఒక చేతి గడియారం బల్ల మీద పెట్టాడు. "తాళం తిప్పే మర నొక్కితే ఫోటో తీస్తుంది. ఏమైనా సరే దీన్ని చేతి నుంచి తియ్యకు."

ఆ ఒక్కమాటే కొంప ముంచింది.

సీల్ రూమ్ వర్క్‌షాపు చివర ఉంటుంది. మిగతా షెడ్డంతా గ్రీజు, మోత. ఈ గది మాత్రం పురుటిగదిలా శుభ్రం. రెండు తలుపులు, తెల్లటి టైల్స్, గోడకి పెద్ద అద్దాల కిటికీ. కిటికీ అవతల వరండాలో నిలబడి ఎవరైనా లోపలి పని చూడొచ్చు.

తలుపు దగ్గర గది ఊడ్చే ఆవిడ ఒక స్టీలు పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"గడియారం, ఉంగరం, మెళ్ళో గొలుసు, ఏవుంటే అవి ఇందులో వెయ్యి బాబూ. సాయంత్రం ఇస్తాను."

"నాకేం లేవమ్మా" అన్నాడు అల్లుడు. గడియారం చొక్కా చేతి కింద ఉంది. ఆవిడ ఆ చేతి వైపు ఒకసారి చూసింది. కొత్తవాడు, మర్యాదగా అమ్మా అన్నాడు, చెయ్యి పట్టుకుని లాగుతామా అనుకుని వదిలేసింది.

ఆవిడ మేస్త్రి భార్యే. మేస్త్రి అంటే అక్కడ సీల్ పని పెద్ద. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. బక్కమనిషి, గట్టిగా మాట్లాడడు. చేతులు మాత్రం దేవుడి చేతులనేవారు.

"ఏవయ్యా కొత్తాయనా, సీల్ అంటే ఏంటి?" అని అడిగాడు మొదటిరోజు.

"నూనె కారకుండా మూసేది."

"అక్కడే తప్పులో కాలేశావు. మూస్తే తిరిగేది తిరగదు. షాఫ్టు నిమిషానికి ముప్ఫై వేల చుట్లు తిరుగుతుంది. దాన్ని బేరింగ్ మోస్తుంది. బేరింగ్‌కి నూనె కావాలి, లేకపోతే కాలిపోతుంది. ఆ నూనె తన గదిలోనే ఉండాలి, గడప దాటకూడదు. ఎలా?"

"మీరే చెప్పండి."

"గాలితో. సీల్‌కి బయటివైపు గాలి ఒత్తిడి పెడతాం. లోపలికన్నా బయట ఒత్తిడి ఎప్పుడూ కాస్త ఎక్కువుండాలి. అప్పుడు సందులోంచి గాలే లోపలికి దూరుతుంది, నూనె బయటికి రాదు. గుమ్మంలో మా ఆవిడ నిలబడిందనుకో, నేను బయటికి రాగలనా? అదీ లెక్క."

తలుపు దగ్గర్నుంచి ఆవిడ అంది. "నేను నిలబడకపోతే మీరు ఎక్కడికి పోతారో నాకు తెలీదా? బయట టీ బంకు దాకా."

గదిలో అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వకుండా ఒక నల్లటి రింగు తీశాడు. అరచెయ్యంత ఉంది. కార్బన్. దాని ముఖం నీళ్ళలా మెరుస్తోంది.

"గాలి ఎంతున్నా ఈ సందు వెంట్రుకవాసి కన్నా సన్నగా ఉండాలి. అందుకే ఈ ముఖం ఇలా అరగదీస్తాం. గ్లౌజు లేకుండా ముట్టుకోకు. ఇక అసలు సంగతి విను. ఇది చేతిలోంచి జారి పడిందనుకో. మోకాలెత్తు నుంచి పడినా సరే, చూస్తే ఏమీ కానట్టే ఉన్నా సరే, అదిగో, ఆ డబ్బాలో వెయ్యాలి."

మూలన ఎర్ర రంగు రేకు డబ్బా. పైన చిన్న బెజ్జం.

"కార్బన్ లోపల చిట్లుతుంది. పైకి తెలీదు. డబ్బాలో వేసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఎవరు పడేశారో అడగడం ఈ గదిలో లేదు. నేనూ పదకొండు వేశాను. పడేసినవాడికి తిట్లుండవు. దాచినవాడికి ఈ గది ఉండదు."

"ఇంకోటి కూడా చెప్పండి" అంది ఆవిడ.

"ఆఁ. సీల్ ఎవరు బిగిస్తే వాళ్ళే ఆ ఇంజన్ మొదటిసారి ఎగిరినప్పుడు విమానంలో కూర్చోవాలి. అది మా గది ఆనవాయితీ. అప్పుడు చెయ్యి దానంతటదే జాగ్రత్తగా ఉంటుంది."

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని న్యూస్ పేపరు విప్పేది. ఎవరైనా "ఏంటమ్మా వార్తలు?" అంటే, "ఏముంటాయి, రోజూ ఉండేవే" అనేది.

అల్లుడు అయిదు రోజులు పని నేర్చుకుంటూ ఫోటోలు తీశాడు. వరండాలోకి వచ్చేవాళ్ళనీ, స్టోర్సు గుమాస్తానీ, అందర్నీ అనుమానించాడు. ఆరో రోజు తలుపు దగ్గర ఆవిడ చేటలోంచి ఏదో ఏరి అరచేతిలో పెట్టి చూపించింది. పసుపుపచ్చటి చిన్న పెళ్ళలు.

"బాబూ, ఇది చూడు. మైనం. పైపుల గదిలో ఊడుస్తుంటే దొరికింది. ఇక్కడ కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు లేరు. మొన్న మూడో ఇంజన్ పొగ కక్కిన రోజు కూడా ఇలాగే దొరికింది."

అతను మేస్త్రిని పక్కకి పిలిచి చూపించాడు. మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

"సీల్‌కి గాలి తెచ్చే పైపు బొటనవేలంత ఉంటుంది" అన్నాడు. "అందులో ఒక మైనపు బిళ్ళ పెడితే ఇంజన్ మొదలైనప్పుడు గాలి అందదు. గుమ్మంలో మనిషి లేదు. నూనె బయటికొచ్చేస్తుంది, పొగ వస్తుంది. ఈలోగా వేడికి మైనం కరిగి కొట్టుకుపోతుంది. మనం విప్పి చూసేసరికి పైపు ఖాళీ. ఓరి వీళ్ళ తెలివి తెల్లారా. మూడు నెలలు నా సీల్‌ని నేనే తిట్టుకున్నాను కదయ్యా."

"పైపుల గదిలోకి ఎవరెవరు వెళ్తారు?"

"మావాళ్ళు. ఇంకా ఆ ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరమ్మ."

ఇన్‌స్పెక్టరమ్మ వారానికి రెండుసార్లు వస్తుంది. నల్ల కళ్ళద్దాలు, భుజం మీద పట్టు స్కార్ఫు. ఆమె హైహీల్స్ చప్పుడు వినపడితే స్టోర్సు గుమాస్తా జుట్టు దువ్వుకుంటాడు. ఏడో రోజు ఆమె వచ్చింది. అల్లుడు అద్దాల కిటికీలోంచి చూశాడు. ఆమె కళ్ళద్దాలు కాస్త కిందికి దించి, అతని అంటించిన మీసం వైపు చూసి, ఎడమవైపు ఊడుతోందన్నట్టు తన పెదవి మీద వేలు పెట్టి చూపించింది.

మరదలు.

అప్పుడే పట్టుకుంటే ముఠాలో మిగతావాళ్ళు జారుకుంటారు. ఆమె ఎవరికి కబురు పంపుతుందో చూడాలి. ఆ రోజు నుంచి నాలుగో ఇంజన్ పైపులన్నిటికీ మూతలు బిగించి, లక్క ముద్రలు వేయించాడు. బిగించేటప్పుడు మేస్త్రి ప్రతి పైపులోంచీ నోటితో ఊది చూసేవాడు. మైనం దారి మూసుకుపోయింది. మామయ్యకి ఫోన్ చేశాడు.

"అత్తగారికి కఫం తగ్గింది."

"శభాష్ అల్లుడూ."

తొమ్మిదో రోజు. నాలుగో ఇంజన్‌కి రెండో నంబరు సీల్ బిగించాలి. పొద్దున్నే మేస్త్రి అందరి ముందూ అన్నాడు. "ఈ సీల్ కొత్తాయన బిగిస్తాడు. ఇన్నేళ్ళలో ఇంత నెమ్మదైన చెయ్యి నేను చూళ్ళేదు."

అల్లుడికి మెడల్స్ చాలా వచ్చాయి. కానీ ఆ మాటకి అయినంత సంతోషం ఎప్పుడూ కాలేదట.

రింగుని గాజుపలక కింద పెట్టి, పసుపు దీపం వెలుతురులో గీతలు చూశాడు. తిన్నగా ఉన్నాయి, అంటే ముఖం చదునుగా ఉన్నట్టు. చీటీ రాశాడు. మేస్త్రి పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు. అల్లుడు రింగు ఎత్తాడు. చొక్కా చేతి కింద గడియారం మర గ్లౌజు అంచుకి తగులుకుంది. చెయ్యి తిరిగింది.

టక్.

పెద్ద చప్పుడు కాదు. చెంచా పడినంత. బల్ల మీంచి స్టూలు మీద పడి, స్టూలు మీంచి నేల మీద పడింది. మేస్త్రి వెనక్కి తిరగలేదు. అల్లుడు వంగి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ కాలేదు. నీళ్ళలా మెరుస్తూనే ఉంది.

మూలన ఎర్ర డబ్బా నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆ లాట్‌లో అదే ఆఖరి రింగు. డబ్బాలో వేస్తే కొత్తది తయారవడానికి మూడు వారాలు పడుతుంది. ట్రయల్ ఆగిపోతుంది, ముఠా గెలుస్తుంది. దేశం కోసం, మిషన్ కోసం అని చెప్పుకుని అతను రింగుని తుడిచి, ట్రేలో పెట్టి, చీటీ అతికించాడు. ఆ కారణం అబద్ధం. అసలు సంగతి సిగ్గు. పొద్దున్నేగా మేస్త్రి ఆ మాటన్నాడు. ఆ నోటితోనే ఇంకోమాట అనడు, ఏమీ అడగడు, అది తెలుసు. అడక్కపోవడమే భరించలేననిపించింది.

గదిలో ఆ టక్ విన్న మనిషి ఇంకొకరు ఉన్నారు. తలుపు దగ్గర, చీపురుతో. ఆవిడ తల ఎత్తి చూసింది. అతను చీటీ అతికించడం కూడా చూసింది. "పాస్" అని రాసిన చీటీ తెల్లగా ఉంటుంది. "మళ్ళీ చూడాలి" అని రాసిన చీటీ కూడా తెల్లగానే ఉంటుంది. ఆవిడ ట్రే దగ్గరికి వచ్చింది, ఊడుస్తున్నట్టుగా. చీటీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంజన్ టెస్ట్ బెంచి ఎక్కింది. గంటసేపు తిరిగింది. ఒక్క చుక్క కారలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అల్లుడు కూడా కొట్టాడు.

పన్నెండో రోజు ఉదయం, ఎయిర్‌ఫీల్డు. తెల్లటి చిన్న విమానం ఎండలో నిలబడి ఉంది. ముందు పైలట్, వెనక ఒక డాక్టరు, ఒక నర్సు, ఇంకో సీటు ఖాళీ. ఆ సీటు సీల్ బిగించినవాడిది.

"మేస్త్రి గారూ, కడుపులో తిప్పుతోంది" అన్నాడు అల్లుడు.

విజిటర్స్ గ్యాలరీలో మరదలు ఉన్నట్టు అప్పుడే కబురొచ్చింది. ఆమెని పట్టుకోవాలి. అది నిజమే. కానీ ఆమె కోసమే వెళ్ళాడా, ఆ సీటు తప్పించుకోవడానికి వెళ్ళాడా అంటే, తనకే తెలియదన్నాడు తర్వాత.

"పోనీలే, మొదటిసారి కదా, భయం ఉంటుంది" అన్నాడు మేస్త్రి. "శిష్యుడి సీట్లో గురువు కూర్చుంటే తప్పేం లేదు. నీ చెయ్యి మీద నాకు నమ్మకం ఉంది."

ఆయన గడియారం, ఉంగరం తీసి భార్య పళ్ళెంలో వేశాడు. అలవాటు. "ఏమే, అరగంటలో వస్తాను" అని విమానం ఎక్కాడు.

గ్యాలరీలో మరదలు ఒక్కతే ఉంది. బైనాక్యులర్స్ చేతిలో, కాఫీ కప్పు పక్కన.

"హ్యాండ్‌బ్యాగ్ కింద పెట్టు" అన్నాడు అల్లుడు. తుపాకీ కోటు కింద ఉంది. మామయ్య మనుషులు ఇద్దరు, గోడకి రంగులు వేసేవాళ్ళ వేషంలో, నిచ్చెన దిగి వచ్చి మెట్లకి అడ్డంగా నిలబడ్డారు.

"తమ్ముళ్ళని కూడా తెచ్చావా బావా" అంది ఆమె. హ్యాండ్‌బ్యాగ్‌లో ఏడు మైనపు బిళ్ళలు, ఒక చిన్న ట్రాన్స్‌మిటర్, ముఠా మనుషుల అడ్రసుల లిస్టు ఉన్నాయి. అన్నీ తనే తీసి బల్ల మీద పెట్టింది. "అడ్రసులు కావాలిగా, తీసుకో. నేను ఎవరి పక్షమో ఇప్పటికైనా మామయ్యకి చెప్పు."

"ఇంత సులభంగా ఇచ్చేస్తున్నావేం?"

"వాళ్ళతో నా పని అయిపోయింది. మొదటి మూడు ఇంజన్లకి మైనం నేనే పెట్టాను. నాలుగోదానికి అవసరం లేకపోయింది. నువ్వే చేశావు."

అల్లుడు చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కున్నాడు.

"సీల్ రూమ్‌కి అద్దాల కిటికీ ఉందని మర్చిపోయావా? తొమ్మిదో రోజు నేను వరండాలో ఉన్నాను. నువ్వు పడేశావు, చుట్టూ చూశావు, తుడిచావు, ట్రేలో పెట్టావు. మావాళ్ళకి కబురు పంపాను, పని వాళ్ళే చేసుకుంటున్నారు, మనం చెయ్యి పెట్టక్కర్లేదని."

"బెంచి మీద గంట తిరిగింది. ఒక్క చుక్క..."

"చిట్లిన కార్బన్ మొదటిసారి కారదు బావా. వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కినప్పుడు విడుతుంది. ఇప్పుడు మళ్ళీ వేడెక్కుతోంది." ఆమె రన్‌వే వైపు చూపించింది. ప్రొపెల్లర్ తిరగడం మొదలైంది. "ఆ సీట్లో కూర్చోవాల్సింది నువ్వే కాబట్టి ముందే ఒప్పుకుంటావనుకున్నాను. నువ్వెక్కడా అని వెతుకుతుంటే ఇక్కడికొచ్చావు. ఇంజన్ ఆగిపోవడం కోసం నేను పనిచేస్తాను, మనుషులు పోవడం కోసం కాదు. టవర్ నాలుగు వందల అడుగుల దూరం. పరిగెత్తు."

అతను పరిగెత్తాడు. కంచె గేటు దగ్గర పళ్ళెం పట్టుకుని ఊడ్చే ఆవిడ నిలబడి ఉంది. పళ్ళెంలో మేస్త్రి గడియారం.

"అమ్మా, టవర్‌కి దారేది?"

"అదిగో ఆ ఇనప మెట్లు. ఏమైంది బాబూ?"

"విమానంలో బాంబు ఉంది. ఆపించాలి."

ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"బాంబు కాదు కదా బాబూ. ఆ రోజు కింద పడింది కదా."

ఇక్కడ నేను ఒకటి చెప్పాలి. ఇంతసేపూ ఆవిడ, ఆవిడ అని రాశాను. ఆవిడ నేనే. నేను అని రాయడానికి చెయ్యి రాలేదు.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మరి మేస్త్రికి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు చీటీ అతికించావు. పాస్ చీటీయో, మళ్ళీ చూడాలనే చీటీయో తెలియలేదు. రెండోదైతే నేను చెప్పడం చాడీ అవుతుంది. నాకు చదువు రాదు బాబూ. పేపరు ఊరికే పట్టుకుంటాను, బొమ్మలు చూస్తాను. ఇదేం చీటీ అని అడిగితే ఈ సంగతి గదిలో అందరికీ తెలిసిపోతుంది. మూడు రోజులు అడుగుదామనుకుంటూనే ఉన్నాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. విమానం రన్‌వే మొదటికి చేరింది. ఆయన నాకు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"బాంబు అని చెప్తే వెతుకుతారు" అన్నాను. "లేదని తేల్చి రేపు మళ్ళీ ఆయన్నే ఎక్కిస్తారు. ఉన్నది చెప్పు. నీతో నేనూ వస్తాను."

ఇనప మెట్లు మొత్తం నలభై రెండు. తుపాకీ ఉన్నవాడు రెండేసి మెట్లు ఎక్కాడు. పళ్ళెం ఉన్నదాన్ని నేను వెనకే వెళ్ళాను. పై గదిలో ఆఫీసర్లు, కంపెనీ పెద్దలు, ఫోటోలు తీసేవాళ్ళు. విమానం పరుగు మొదలుపెట్టింది. అల్లుడు మైకు లాక్కున్నాడు.

అతను ఏ పేరు చెప్పుకోవాలి? ఏజెంటునని చెప్పొచ్చు, అధికారం చూపించొచ్చు. చెప్పలేదు.

"నేను సీల్ ఫిట్టర్ని. రెండో నంబరు సీల్ నా చేతిలోంచి పడింది. పడిందని చెప్పలేదు. సిగ్గేసి దాచాను. ఇంజన్ ఆపండి."

ఆ మైకు బయట ఫీల్డులో స్పీకర్లకి కూడా కలిపి ఉందట, అతిథుల కోసం. మాట మొత్తం మైదానమంతా వినపడింది.

విమానం ముందుచక్రం అప్పటికే నేల వదిలింది. మళ్ళీ నేలకి తగిలింది. రన్‌వే చివర, గడ్డి మొదలయ్యే గీత దగ్గర ఆగింది. ఆగాక ఇంజన్ పక్కనుంచి సన్నగా నీలం రంగు పొగ వచ్చింది. ఊదొత్తి పొగంత. తలుపు తీస్తే డాక్టరు దగ్గుతూ దిగాడు. లోపల గాలంతా కాలిన నూనె వాసనట. ఎగిరి ఒక్క నిమిషం పైన ఉండి ఉంటే పైలట్‌కి ముందేముందో కనపడేది కాదన్నారు.

ఇంజన్ సాయంత్రానికి విప్పారు. సీల్ రూమ్‌లో అందరం ఉన్నాం. కంపెనీ పెద్ద ఒకాయన కోపంతో ఊగిపోతూ అన్నాడు. "ఎవడు వాడు? వాడి పేరు రాయండి. ఎవడు పడేశాడో నాకిప్పుడే తెలియాలి."

మేస్త్రి రింగు బయటికి తీశాడు. చేతిలోకి రాగానే అది రెండు ముక్కలైంది. ఆయన ఆ ముక్కల వైపు చూశాడు. అల్లుడి వైపు చూడలేదు. మూలకి నడిచి, ఒకటి తర్వాత ఒకటి, ఎర్ర డబ్బాలో వేశాడు. రెండుసార్లు టక్ మంది.

"ఎవరు పడేశారో అడగడం ఈ గదిలో లేదండీ" అన్నాడు.

మైదానమంతా విన్నదే. అయినా అలాగే అన్నాడు. అప్పుడు అల్లుడు ఏడ్చాడు. అంటించిన మీసం అప్పుడే ఊడింది. ఎవరూ ఏమీ అనలేదు. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, గడియారం తీసి, నా పళ్ళెంలో వేశాడు.

దాచినవాడికి ఈ గది ఉండదన్నది కూడా ఆ గది మాటే. దాన్ని ఎవరూ గుర్తు చెయ్యలేదు. అతనే గ్లౌజులు మడిచి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు.

నన్ను కూడా ఎవరూ ఏమీ అనలేదు. నేనే చెప్పాను, చూసి కూడా చెప్పలేదని. సాక్షి కాగితం రాసి నా ముందు పెట్టారు. కలం ఇచ్చారు. నేను బొటనవేలు చూపించాను. పదేళ్ళుగా పేపరు చదువుతున్న మనిషి వేలిముద్ర వేస్తుంటే స్టోర్సు గుమాస్తా తల తిప్పుకున్నాడు. మా ఆయన ఇంటికొచ్చాక కూడా ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. అడక్కపోతే ఎలా ఉంటుందో ఆ రాత్రి నాకు తెలిసింది.

మూడు వారాలకి కొత్త రింగు వచ్చింది. ఆయన బిగించాడు, ఆయనే ఎక్కాడు. ఎగిరే ఆసుపత్రి ఎగిరింది. ముఠా మనుషుల్ని అడ్రసుల ప్రకారం ఒక్కొక్కర్నీ పట్టుకున్నారు. ఆయన ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికి, మంచంలో, నిద్రలో పోయాడు. పదో రోజున అల్లుడు వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ఈ కథలో నాకు తెలియని ముక్కలన్నీ అతనే చెప్పాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

మామయ్యకి తను ఇచ్చిన ఆఖరి రిపోర్టు ఒక్క కాగితమేనట. "శత్రువులు ఇద్దరు. ఒకరు మరదలు, ఆమె అడ్రసులు ఇచ్చింది. రెండోవాడు అల్లుడు, వాడూ ఒప్పుకున్నాడు."

మామయ్య దాన్ని చదివి, ఫైల్లో పెట్టి, "మరదలికి మళ్ళీ మన ఆఫీసులో కుర్చీ ఇస్తున్నాం" అన్నాడట.

"నా కుర్చీ పక్కనా?"

"నీ కుర్చీలో."

సీల్ రూమ్ అమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉండేది ఎయిర్‌ఫీల్డు కంచె వెనక రెండో వీధి, మేడ మీద గది. సంతకం నాదే.